ముగ్గురు పిడుగులు, రెండు సీట్లు

మార్చి 9

వదినగారికి నమస్కారాలు.

మీరూ అన్నయ్యా మేనకోడలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ కులాసాయే అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నిజం చెప్పమంటే మాత్రం, నా ముగ్గురు సుపుత్రులూ కలిసి ఇల్లు పీకి పందిరేస్తున్నారు.

సెలవులింకా మొదలవనే లేదు. అప్పుడే ఇలా ఉంది. వాళ్ల నాన్న దూరప్రయాణాల బస్సు నడుపుతారు కాబట్టి వీళ్లకి ఇంట్లో కూడా బస్సే కావాలి. నిన్న సాయంత్రం నేను కింద కళ్లజోళ్ల షాపులో కూర్చుని ఫ్రేములకి అద్దాలు బిగించుకుంటున్నాను. షాపు యజమానిని మేమంతా తాతగారంటాం, ఆయన ఎవరో పెద్దమనిషిని కుర్చీలో కూర్చోబెట్టి గోడమీద అక్షరాలు చదివిస్తున్నారు. ఇంతలో పైన మా గదుల్లోంచి ధనాధన్ చప్పుడు. కప్పునుంచి సున్నం పెచ్చు ఒకటి ఊడి, సరిగ్గా ఆ పెద్దమనిషి ఒళ్లో పడింది. ఆయన హడలిపోయి, “ఇల్లు కూలుతోందా ఏమిటండీ?” అన్నాడు. తాతగారు తల కూడా ఎత్తకుండా, “లేదండీ, బస్సు స్టాపులో ఆగింది. మీరు మూడో వరస చదవండి,” అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. పరుగున పైకి వెళ్లి చూద్దును కదా, మంచాన్ని గది మధ్యకి ఈడ్చేశారు. పెద్దాడు ముందు కూర్చుని నా వంటింటి జల్లెడ పట్టుకుని తిప్పుతున్నాడు, అది స్టీరింగట. నడిపివాడు కండక్టరు. వాడికి ఒంట్లో నోరొక్కటే పెద్దది, మిగతాదంతా దానికి ఆధారం. ఇక మా బుడ్డోడు ప్రయాణికులు. ప్రయాణికుడు కాదు వదినా, ప్రయాణికులు! ముసలమ్మగా నడుం వంచుకుని ఎక్కుతాడు, అవతలి వైపు దిగి పోలీసుగా మీసం దువ్వుకుంటూ ఎక్కుతాడు, మళ్లీ దిగి పసిపిల్లలా ఏడుస్తూ ఎక్కుతాడు. నాలుగేళ్ల వెధవకి ముసలమ్మ దగ్గు ఎవరు నేర్పారో నాకు తెలియదు.

“ఏరా, బుద్ధీ జ్ఞానం ఉన్నాయా మీకు?” అని అరిచాను. పెద్దాడు నావైపు చూడకుండానే, “అమ్మా, బండి నడుస్తుంటే డ్రైవరుతో మాట్లాడకూడదు,” అన్నాడు.

ఆ పెద్దవాడి సంగతి చెప్పాలంటే ఇంకో ఉత్తరం కావాలి. మొన్నటికి మొన్న కుళాయి కారుతోందని దాన్ని విప్పదీశాడు. ఎవడు విప్పమన్నాడు? నేనొచ్చేసరికి వంటింటి నిండా నీళ్లు. మళ్లీ బిగించాడనుకోండి, అప్పట్నుంచి చుక్క కారడం లేదు, అది వేరే సంగతి. తొమ్మిదేళ్ల వాడికి కుళాయి జోలి ఎందుకంటాను.

వీళ్లతో వేగలేక చస్తున్నాను. ఎవరైనా ఎత్తుకుపోతామంటే గోనెసంచి కూడా నేనే ఇస్తాను. ఇంతలోనే మళ్లీ ఏదో పడింది, ఉంటాను.

మీ మరదలు


మార్చి 22

మరదలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మనసు చివుక్కుమంది.

మగపిల్లల హాస్టల్ వార్డెన్‌గా నా జుట్టు నెరిసింది. నా ఆఫీసుగదిలో కుర్చీ అంచున కూర్చుని ఎంతమంది తల్లులు సరిగ్గా ఇవే మాటలు అన్నారో చెప్పలేను. “వేగలేకపోతున్నానండీ” అంటారు, కళ్లొత్తుకుంటారు. నువ్వు రాసిందీ అదే. కాకపోతే నువ్వు నవ్వుతున్నట్టు రాశావు. నీకు అభిమానం ఎక్కువని నాకు పెళ్లైన కొత్తల్లోనే తెలుసు.

ఈ ఇంట్లో కూడా ఒక పిల్లని పెంచాను. మీ మేనకోడలు కూర్చోమంటే కూర్చునేది, చదవమంటే చదివేది. ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నా అంతే. మగపిల్లలకైనా ఒక పద్ధతి అలవాటు చేస్తే అదే వస్తుంది. లేవడానికి ఒక వేళ, ఆటకి ఒక వేళ, చదువుకి ఒక వేళ పెట్టు. వేళ మారినప్పుడల్లా ఈల ఊదు. మా హాస్టల్లో అరవైమంది పిల్లలు ఈల వినపడగానే మాట మధ్యలో ఆపేసి వరసలో నిలబడతారు. దీనితోపాటు ఒక ఈల పంపుతున్నాను. అరిచి అరిచి గొంతు పాడుచేసుకోకు.

మీ అన్నయ్యకి సంగతి చెప్పాను. “పిల్లలన్నాక అంతేలే” అని పేపరు వెనక్కి వెళ్లిపోయారు. ఆయనతో మాట్లాడి లాభం లేదు. ఏదన్నా ఉంటే నాకే రాయి, దాచుకోకు.

ఇట్లు,
వదిన


ఏప్రిల్ 6

వదినగారికి నమస్కారాలు.

మీరు పంపిన ఈల అందింది. నాకు కాదు, నడిపివాడికి. పార్సిలు విప్పింది నేనే గానీ, తాడుతో సహా అది వాడి మెడలోకి ఎప్పుడు వెళ్లిందో నాకు తెలియదు. “కండక్టరుకి ఈల ఉండాలమ్మా, అత్తయ్యకి తెలిసింది, నీకు తెలియలేదు,” అన్నాడు. మీకు ధన్యవాదాలు చెప్పమన్నాడు. బస్సు ఇప్పుడు ఇదివరకటికన్నా బాగా నడుస్తోంది.

దానితో ఏం జరిగిందో వినండి. మా షాపుకి ఎదురుగా పొద్దున్నే బ్రెడ్ల వ్యాను వచ్చి ఆగుతుంది. డ్రైవరు ముందు కూర్చునే ఉంటాడు. వెనకున్న మనిషి ట్రేలు దించి, తలుపు వేసి, ఈల వేస్తే అతను బండి తీస్తాడు. నిన్న ఆ మనిషి ఒక ట్రే నెత్తిన పెట్టుకుని ఇలా కిందకి దిగాడో లేదో, మావాడు కిటికీలోంచి ఈల ఊదాడు. బండి కదిలిపోయింది. వెనక తలుపు తెరిచే ఉంది. ఆ మనిషి నెత్తిమీది ట్రే దించలేక, వదిలేయలేక, దాన్ని రెండు చేతులతో పట్టుకుని “ఓయ్! ఓయ్!” అంటూ వీధంతా పరుగు. బుడ్డోడు కిటికీ చువ్వలు పట్టుకుని, “తొందరగా ఎక్కండి, తొందరగా ఎక్కండి” అని అతనికి ధైర్యం చెబుతున్నాడు. మలుపు దాకా వెళ్తేగానీ బండి ఆగలేదు.

ఆ డ్రైవరు మెట్లెక్కి పైకొచ్చాడు, మొహం కందగడ్డలా చేసుకుని. నేను తల దించుకుని, క్షమించమని అడగబోతున్నాను. ఇంతలో పెద్దాడు ముందుకొచ్చి నిలబడి, “అంకుల్, ఈల వినపడినా అద్దంలో చూసుకోకుండా బండి తీయకూడదు. మా నాన్నైతే తీయరు,” అన్నాడు. అతను వచ్చిన దారినే దిగి వెళ్లిపోయాడు.

ముగ్గురినీ ఉతికి ఆరేశాను, మాటలతోనే లెండి. గోడవైపు తిరిగి నిలబడమన్నాను. తర్వాత ఇక నావల్ల కాక, వంటింట్లోకి వెళ్లి తలుపేసుకున్నాను. చాలాసేపటిదాకా బయటికి రాలేకపోయాను. కళ్లు తుడుచుకుని, మొహం కడుక్కుని వచ్చేసరికి ముగ్గురూ ఇంకా గోడకేసే చూస్తూ నిలబడి ఉన్నారు. ఆ గోడమీద కొత్తగా ఒక బస్సు బొమ్మ ఉంది.

ఇలాంటివాళ్లని కన్నందుకు నాకు ఎక్కడైనా బిరుదివ్వాలి.

ఒక సాయం చేయండి. మీ హాస్టల్లో పాత ట్రంకుపెట్టెలు ఉంటాయని ఒకసారి అన్నారు. తాళం పడేవి రెండు దొరికితే ఎవరితోనైనా పంపించండి. ఎందుకో మీకు వేరే చెప్పాలా!

మీ మరదలు


ఏప్రిల్ 19

మరదలికి ఆశీస్సులు.

ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా మీ అన్నయ్య చేతికే ఇస్తున్నాను. ఆయన నీ ముందు ఉండగానే చదువుకో.

తలుపేసుకుని కళ్లు తుడుచుకున్నానని రాశావే, అది చదివి నేను ఆ రోజు భోజనం చేయలేదు. చివర ట్రంకుపెట్టెలు అడగడం చూసి అంతా అర్థమైంది. రెండు పెట్టెలు. పెద్దాడికొకటి, నడిపివాడికొకటి. నోరు తెరిచి “మీ హాస్టల్లో చేర్చుకోండి” అనలేక అలా అడిగావు. నేను పరాయిదాన్నా?

మా స్కూల్లో సీటు దొరకడం ఎంత కష్టమో నీకు తెలియదు. కమిటీవాళ్ల దగ్గర నేను ఇన్నేళ్లలో ఎవరికోసమూ నోరు విప్పలేదు. ఈసారి విప్పాను. నా మాట మీద గౌరవంతో రెండు సీట్లు ఇచ్చారు. చిన్నవాడికి వయసు చాలదు, వాడు నీ దగ్గరే ఉంటాడు. ఇక్కడ పెద్ద ఆటస్థలం ఉంది, మంచి మాస్టర్లున్నారు, పక్కనే నేనున్నాను. మీ అన్నయ్యకి పెట్టెలు ఇచ్చి పంపుతున్నాను. పిల్లల బట్టలు సర్ది ఆయనతో పంపించు. స్కూలు తెరిచేలోపు మా ఇంట్లో ఉండి అలవాటు పడతారు.

నువ్వు కాస్త ఊపిరి పీల్చుకో. మొహమాటపడి ఏమీ రాయకు.

ఇట్లు,
వదిన


ఏప్రిల్ 24

వదినగారికి,

నమస్కారాలు ముందే చెబుతున్నాను, చివరిదాకా చదివాక మీరు తీసుకుంటారో లేదో తెలియదు. అన్నయ్య వట్టి చేతులతో వస్తున్నాడు. పిల్లల్ని పంపడం లేదు. కోపం తెచ్చుకోండి గానీ మొత్తం చదివాక తెచ్చుకోండి.

అన్నయ్య మధ్యాహ్నం దిగాడు. మా ఆయన కూడా ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు. అన్నయ్య పెట్టెలు పైన పెట్టేసరికి పెద్దాడు ఒకదాంట్లో కూర్చున్నాడు, బుడ్డోడు రెండోదాంట్లో పడుకుని మూత వేయమన్నాడు. నేను కాఫీ పెట్టి ఇచ్చి, మీ ఉత్తరం పట్టుకుని షాపులోకి దిగాను, బిగించాల్సిన అద్దం ఒకటి మిగిలిపోయిందని. అక్కడే నిలబడి చదివాను. మెట్లు రెండేసి ఎక్కి పైకి పరిగెత్తాను. అప్పటికే ఆలస్యమైపోయింది. అన్నయ్య ముగ్గురినీ ముందు కూర్చోబెట్టుకుని, “ఏరా అల్లుళ్లూ, బయల్దేరండి. మీతో వేగలేకపోతున్నానని మీ అమ్మ అత్తయ్యకి రాసింది. ఇక మీరిద్దరూ మా దగ్గరే,” అని చెప్పేశాడు.

వాళ్లు ఏడవలేదు వదినా. ఏడిస్తే బాగుండేది. పెద్దాడు “అలాగే మామయ్యా” అని లేచి వెళ్లి బీరువాలోంచి బట్టలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టాడు. నడిపివాడు మెడలో ఈల తీసి కిటికీ మీద పెట్టాడు. బుడ్డోడొక్కడికే ఏమీ అర్థం కాలేదు. మంచం దగ్గర నిలబడి, “ఇవాళ బస్సు లేదా?” అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. సాయంత్రం దాకా ఇల్లంతా చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. షాపు మూసే వేళకి తాతగారు, మోకాళ్ల నొప్పులతో ఏనాడూ మా మెట్లెక్కని మనిషి, రొప్పుకుంటూ పైకొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. “ఎవరికమ్మా ఒంట్లో బాగోలేదు?” అన్నారు.

మా ఆయన్ని పక్కకి పిలిచి చూశాను. “మంచి స్కూలు. మీ వదిన అంత కష్టపడి సీట్లు తెచ్చింది. పైగా నువ్వే రాశావంటున్నారు కదా, నేనేం మాట్లాడను?” అన్నారు. నిజం దాచడమెందుకు, ఒక్క క్షణం నాకూ అనిపించింది. ఇక్కడ రెండు గదులు, కింద షాపు. వీళ్ల కాళ్లకి ఈ గదులెక్కడ చాలుతాయి? అక్కడ ఆటస్థలం ఉంది. నా స్వార్థం కోసం వాళ్ల మంచి చెడగొడుతున్నానా అని వంటింట్లో నిలబడి ఆలోచిస్తున్నాను.

అప్పుడు పెద్దాడు వచ్చాడు. మెల్లిగా అన్నాడు, “అమ్మా, మేమిద్దరం వెళ్లిపోతే బుడ్డోడొక్కడే కదా. వాడొక్కడైతే నీకంత కష్టం ఉండదులే. పరుగెత్తొద్దని వాడికి చెప్పాను.”

వంటింట్లోంచి విసురుగా గదిలోకి వచ్చాను.

అన్నయ్య మీద విరుచుకుపడ్డాను. “ఒరేయ్ అన్నయ్యా, వదిన అంటే పరాయి ఇంటినుంచి వచ్చింది. నీకు తెలియదా మనింట్లో మాట తీరు? నాన్న నా గురించి ఎవరి దగ్గరైనా ఒక్క మంచి ముక్క అన్నాడా? ‘ఇదొట్టి మొద్దండీ’ అంటూనే నాకొచ్చిన ప్రైజు కప్పు వాళ్ల చేతిలో పెట్టేవాడు కాదూ? నేనూ అలాగే రాశాను. కుళాయి బాగుచేశాడని రాస్తే పొగిడినట్టుంటుందని, విప్పాడని రాశాను!”

అన్నయ్య ట్రంకుపెట్టె మూత మెల్లిగా మూశాడు. తర్వాత అన్నాడు, “నీకు కప్పులు వచ్చాయి కాబట్టి నీకు తెలిసింది. నాకు కప్పులు రాలేదు. నాన్న నన్ను అన్నవన్నీ నేను నిజమనే అనుకున్నాను. పోయే ముందు నెలలో ఎవరితోనో ‘నా కొడుకు బంగారం’ అంటుంటే పక్కగదిలోంచి విన్నాను. అప్పటికి నాకు నలభై దాటాయి.”

వదినా, అన్నయ్య మీతో ఈ సంగతి ఎప్పుడైనా చెప్పాడా? నాతో చెప్పలేదు.

ఇక ఆగలేదు నేను. నేలమీద కూలబడి ముగ్గురినీ ముందుకు లాక్కున్నాను. “వినండి, మళ్లీ మళ్లీ చెప్పను,” అన్నాను. పెద్దాడితో, “నువ్వు బిగించిన కుళాయిని డబ్బులిచ్చి పిలిపించిన మేస్త్రీ కూడా అంత బాగా బిగించడు. తప్పు చేసినా ముందుకొచ్చి నిలబడేది నువ్వే. అది చూసి నాకు ఎంత గర్వమో నీకు తెలియదు,” అన్నాను. నడిపివాడితో, “నువ్వు లేకపోతే ఈ వీధిలో ఎవరికీ ఎవరి సంగతీ తెలియదు. కొత్తవాళ్లు దారి అడిగితే అందరూ నీ పేరే చెబుతారు. ఆ నోరుతో నువ్వు ఎక్కడైనా బతికేస్తావు,” అన్నాను. బుడ్డోణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, “వీడు ముసలమ్మలా దగ్గితే నిజం ముసలమ్మలు కూడా వెనక్కి తిరిగి చూస్తారు,” అన్నాను. వాడు వెంటనే దగ్గాడు.

పెద్దాడు మాత్రం నమ్మలేదు. “మామయ్య ఉన్నాడని అంటున్నావు,” అన్నాడు.

చిర్రెత్తుకొచ్చింది నాకు. జన్మలో మొదటిసారి నోరు తెరిచి పొగిడితే ఇదా! “నీకేం కనపడిందిరా అలా?” అన్నాను.

“బ్రెడ్ల వ్యాను వెళ్లిపోయిన రోజు నువ్వు వంటింట్లో తలుపేసుకుని ఏడ్చావు. నేను వచ్చి తలుపు దగ్గర నిలబడి విన్నాను. వెక్కి వెక్కి ఏడ్చావు.”

“ఏడవలేదురా పిచ్చివాడా. నవ్వాను.”

“నవ్వితే తలుపెందుకు వేసుకుంటారు?”

“మీరు చూస్తే ఇంకా రెచ్చిపోతారని!”

వాడు నా మొహంలోకి అలా చూస్తూనే ఉన్నాడు. నాకు ఆ మనిషి, ఆ ట్రే, వీధంతా ఆ పరుగు, కిటికీలోంచి వీడు “తొందరగా ఎక్కండి” అనడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇక నా వల్ల కాలేదు. పమిట నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. నేలమీద పడి నవ్వాను. అన్నయ్య “ఏమిటే, ఏం జరిగింది?” అంటాడు, చెప్పబోతే మళ్లీ నవ్వొస్తుంది. నడిపివాడు లేచి, ట్రే బదులు పీట నెత్తిన పెట్టుకుని గదంతా పరుగెత్తి చూపించాడు. అన్నయ్యకి పొలమారింది. మా ఆయన గోడ పట్టుకున్నారు.

“ఎంతసేపు నవ్వావు ఆ రోజు?” అని అడిగాడు పెద్దాడు. చాలాసేపు అన్నాను. “ఇంకా ఎప్పుడెప్పుడు నవ్వావు?” అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కొక్కటీ చెబుతుంటే వాళ్ల మొహాలు విచ్చుకున్నాయి. పెచ్చు ఊడిపడ్డ సంగతి చెప్పేసరికి ముగ్గురూ మంచమెక్కి గెంతుతున్నారు. ఇంకా షాపు మూయకుండా కూర్చున్న తాతగారు కిందినుంచి కర్రతో కప్పు మీద గట్టిగా పొడిచారు. అమ్మయ్య అనుకుని ఉంటారు.

తర్వాత పెద్దాణ్ణి విడిగా కూర్చోబెట్టి అడిగాను. అది మంచి స్కూలు, వెళ్లాలని నీకుంటే నేను అడ్డు చెప్పను, నేను పొమ్మన్నానని మాత్రం వెళ్లకు అన్నాను. వాడు బాగా ఆలోచించాడు. “బుడ్డోణ్ణి రానిస్తారా?” అన్నాడు. ఇంకా వయసు రాలేదన్నాను. “మరి బస్సెవరు ఎక్కుతారు?” అని లేచి వెళ్లిపోయాడు. మడతపెట్టిన బట్టలన్నీ మళ్లీ బీరువాలో కుక్కాడు.

వదినా, ట్రంకుపెట్టెలు అడిగింది తాతగారి అద్దాలూ కత్తెరలూ వీళ్లకి అందకుండా తాళం వేసుకోవడానికి. ఆ ముక్క రాయకపోవడం నా తెలివితక్కువతనం. మీరు నాకోసం కమిటీవాళ్ల ముందు నోరు విప్పారు. అది తలుచుకుంటే నాకు తల ఎత్తుకోవాలనిపించదు. కానీ నా పిల్లలు నాకు కావాలి. నా పిల్లలు బంగారం. ఇదిగో, రాసేశాను.

మీ మరదలు


మే 6

మరదలికి,

మీ అన్నయ్య క్షేమంగా చేరారు. రెండు సీట్లూ అక్కర్లేదని కమిటీవాళ్లకి చెప్పాను. ఈసారి ఇంకెవరికోసమైనా అడిగితే ఆలోచించి అడగమన్నారు. వాళ్లు అన్నది తప్పు కాదు.

ఎండలు ఎక్కువగా ఉన్నాయి. పిల్లల్ని బయట తిరగనివ్వకు.

వదిన


మే 15

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చిన్నదే గానీ బరువుగా ఉంది. మీ కోపం న్యాయమైందే. పడతాను. మీరు ఎన్నాళ్లు కోపంగా ఉంటే అన్నాళ్లూ నేను రాస్తూనే ఉంటాను, అదొక్కటే నాకు చేతనైంది.

ఈసారి చాడీలు లేవు, గొప్పలే. నిన్న మా ఆయన బస్సు దిగి వచ్చి, పడుకుని లేచేసరికి పెద్దాడు ఆయన బూట్లు తుడిచి, పాలిష్ చేసి పెట్టాడు. బూట్లతోపాటు నేల కూడా నల్లబడింది. చూశారా, పొగుడుదామని కూర్చుంటే ఇలా అవుతుంది. నాకు అలవాటు కావాలి. ఇంట్లో మాత్రం రోజుకొక మంచి మాట వాళ్ల మొహం మీదే అంటున్నాను. నడిపివాడు అది అయ్యేదాకా నిద్రపోడు, “నావంతు రాలేదు” అని దుప్పట్లోంచి అరుస్తాడు.

అన్నయ్యకి కూడా ఒకటి చెప్పండి నా తరఫున. ఆ రోజు వాడు నాన్న సంగతి చెప్పకపోతే నా పిల్లలు నాకు దక్కేవాళ్లు కాదు.

మీ మరదలు


జూలై 12

మరదలికి ఆశీస్సులు.

ఇన్నాళ్లూ రాయలేదు. మొదట కోపం వల్ల, తర్వాత పని వల్ల. కోపం పోయిందని ముందే చెబుతున్నాను. నువ్వు చెప్పమన్న మాట మీ అన్నయ్యకి చెప్పాను. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని ఆ పేజీ అలా చదువుతూనే ఉండిపోయారు.

స్కూలు తెరిచాక తల్లులు రావడం మొదలైంది. ఎప్పటిలాగే కుర్చీ అంచున కూర్చుని, “వేగలేకపోతున్నానండీ” అన్నారు. ఇదివరకైతే దరఖాస్తు ముందుకు తోసేదాన్ని. ఈసారి చెయ్యి ఆగింది. “ఏం చేశాడమ్మా మీవాడు, చెప్పండి,” అని అడగడం మొదలుపెట్టాను. కొందరు చెబుతూ చెబుతూ మధ్యలో నవ్వేశారు. “వెధవ, ఎంత తెలివో చూశారా” అన్నారు. అలాంటివాళ్లలో ముగ్గురు తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటికెళ్లిపోయారు. నువ్వు నాకు పెట్టిన చిచ్చు ఇది. ఈ ఏడు చేరికలు ఎందుకు తగ్గాయని కమిటీవాళ్లు అడుగుతున్నారు.

నువ్వు వదులుకున్న రెండు సీట్ల కోసం ఒక తల్లి వచ్చింది. ఇద్దరు కొడుకులు, నీ పెద్దాడి ఈడూ నడిపివాడి ఈడూ. ఆమె కూడా చెబుతూ నవ్వింది. అందుకని, “మీకు బెంగగా ఉన్నట్టుంది, తీసుకెళ్లిపోండమ్మా” అన్నాను. అప్పుడు ఏడ్చింది. నేను ఇన్నేళ్లుగా చూసిన ఏడుపు కాదది. భర్త లేడు. ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ, ఇంట్లో ఇంకెవరూ లేరు. వాళ్లని ఇంట్లో పెట్టి బయట తాళం వేసుకుని వెళ్తోంది. “నాకు వీళ్లు అల్లరి చేస్తే చూసే వీలే లేదండీ. పొద్దున నేనొచ్చి తాళం తీయగానే వాళ్లు స్కూలుకి పోతారు. ఏం చేశారో పక్కింటివాళ్లు చెబితే వింటాను,” అంది.

ఇద్దరినీ చేర్చుకున్నాను. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర వాళ్ల చొక్కాలు సర్దింది, మళ్లీ సర్దింది. నేను ఈల ఊదలేదు.

ఇంతవరకూ నేను ఇళ్లకి రాసే కార్డులో “ప్రవర్తన సంతృప్తికరం” అని ఒక ముక్క ఉండేది, అంతే. పోయిన ఆదివారం ఆమెకి రాయడానికి కూర్చుంటే ఆ ముక్క రాయబుద్ధి కాలేదు. నీ ఉత్తరాలు గుర్తొచ్చాయి. నీలాగే రాశాను. “మీ పెద్దవాడు నా పక్షులబొమ్మల గడియారం లోపల ఏముందో చూస్తానని విప్పాడు, ఇప్పుడది గంటకి రెండుసార్లు కొడుతోంది. మీ చిన్నవాడు ప్రార్థనలో నా గొంతుతో ‘నిశ్శబ్దం!’ అని అరిస్తే మాస్టర్లతో సహా అందరూ నోరు మూసుకున్నారు. వీళ్లతో వేగలేక చస్తున్నాను” అని రాసి సంతకం పెట్టాను. నాలుగు పేజీలైంది.

నిన్న జవాబొచ్చింది. రాత్రి డ్యూటీలో మధ్యలో ఇచ్చే విరామంలో చదువుకుందట. తోటివాళ్లకి కూడా చదివి వినిపించిందట. నవ్వీ నవ్వీ అందరికీ కళ్లల్లో నీళ్లొచ్చాయట. చివర, “అమ్మా, మీకు తీరికైతే ఇంకా రాయండి. ఏదీ వదలకుండా రాయండి” అని ఉంది.

ఇప్పుడే పైన ఏదో దభీమని పడింది. అరవైమందిలో అది ఎవరి పనో వెళ్లి చూడకుండానే చెప్పగలను. చూసొచ్చి, ముందు ఆమెకి రాయాలి.

వదిన